1560 దగ్గర ఎర్ర చుక్క: ఒక రేడియో రిపేరు షాపు గురించి

ముందే చెప్పేస్తున్నాను, ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్క స్టారు ఎందుకు కోశానో కింద చెప్తాను. తొందరలో ఉన్నవాళ్లకి మాత్రం ఒక్క ముక్క: మీ ఇంట్లో పాత వాల్వు రేడియో (లోపల గాజు గొట్టాలు వేడెక్కితే పలికేది) ఉంటే, అది మోగకపోయినా పారేయకండి, ఈ షాపుకి తీసుకెళ్లండి. రెండు వారాల్లో ఇచ్చేస్తానంటే మాత్రం నమ్మకండి.

షాపు పేరు రాయడం లేదు. "ఉన్న పనే తెమలడం లేదు, ఇంటర్నెట్లో పెట్టకండి" అన్నాడు పెద్దాయన. న్యూజెర్సీ మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంది. నిజంగా రేడియో ఉన్నవాళ్లు అడిగితే చెప్తాను.

రేడియో సంగతి చెప్పకుండా షాపు సంగతి చెప్తే అర్థం కాదు. మాది తెనాలి. 1996 నవంబరులో, పెళ్లయిన మూడు నెలలకి, జెర్సీ సిటీలో దిగాను. మావారు వైటూకే కంప్యూటర్ పని మీద పొద్దున ఆరున్నరకి బయల్దేరితే రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవారు. నాది హెచ్4 వీసా. ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు, టీవీలో వాళ్లు మాట్లాడేది సగం అర్థం కాదు. మేం బేస్‌మెంట్లో అద్దెకుండేవాళ్లం. పైన ఇంటి ఓనరమ్మ ఒక్కతే. డెబ్బై దాటిన ఇటాలియన్ ఆవిడ, పుట్టి పెరిగింది పక్కనే హొబోకెన్‌లో. ఆవిడ వంటింట్లో ఫ్రిజ్ మీద ఒక క్రీమ్ రంగు రేడియో పొద్దున ఆరింటి నుంచీ మోగుతూనే ఉండేది. 1560 ఏఎమ్ (మన మీడియం వేవ్), స్టేషన్ పేరు డబ్ల్యూక్యూఈడబ్ల్యూ. వేరే స్టేషన్ పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. అసలు ముల్లు తప్పిపోకుండా డయల్ మీద 1560 దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టుకుంది. కళ్లజోడు లేకపోయినా చుక్క కనబడుతుందిట.

ఆ స్టేషన్లో వచ్చే పాటల్ని వాళ్లు స్టాండర్డ్స్ అంటారు. ఎక్కువభాగం 1930ల నుంచి 60ల దాకా వచ్చినవి, రాక్ అండ్ రోల్ వచ్చి కుర్రాళ్లందరినీ లాక్కుపోయాక పెద్దవాళ్ల దగ్గర మిగిలిపోయినవి. పాడేవాళ్లు ఫ్రాంక్ సినాట్రా, నాట్ కింగ్ కోల్, పెర్రీ కోమో, జో స్టాఫర్డ్, రోజ్‌మేరీ క్లూనీ. మొదటి వారం నాకు ఆ స్టేషన్ మీద అనుమానమే వచ్చింది. పొద్దున ఒకాయన పాడిన పాట మధ్యాహ్నం ఇంకొకావిడ పాడుతుంది, సాయంత్రం ఇంకెవరో. మన సినిమా పాట అలా కాదుగా, ఘంటసాల పాడాడంటే అది ఘంటసాల పాటే. వీళ్ల దగ్గర సరుకు తక్కువేమో, ఉన్నవే తిప్పితిప్పి వేస్తున్నారేమో అనుకున్నాను. తర్వాత వెలిగింది. ఇవి త్యాగరాజ కీర్తనల్లాంటివి. పాట అందరిదీ, ఎవరెలా పాడారన్నదే వినాలి.

నాకు ఇంగ్లీషు వచ్చింది ఆ పాటలతోనే. నేను చదివింది తెలుగు మీడియం. వార్తలు చదివేవాళ్లు నోట్లో పప్పు ఉడుకుతున్నట్టు మాట్లాడితే, ఈ పాడేవాళ్లు మాత్రం ప్రతి మాటా విడదీసి, చివరి అక్షరం దాకా పలికేవాళ్లు. అది కూడా నిదానంగా. సినాట్రా ఒక పొడుగాటి వాక్యం మొత్తం ఊపిరి తెగకుండా పాడి చివరి మాట మెత్తగా దింపితే, గిన్నెలు తోముతూ నేనూ దింపేదాన్ని. కుర్రతనంలో టామీ డార్సీ బ్యాండులో పాడేటప్పుడు, డార్సీ ట్రాంబోన్ అనే ఊదే వాద్యం వాయిస్తూ ఊపిరి ఎలా దాచుకుంటున్నాడో చూసి నేర్చుకున్నాడట. పెర్రీ కోమో పాటలోకి రాకముందు పెన్సిల్వేనియాలో క్షవరం షాపు నడిపాడు. ఇవన్నీ ఓనరమ్మే చెప్పేది. సినాట్రా తల్లి హొబోకెన్‌లో మంత్రసాని. ఆ కుటుంబం గురించి ఓనరమ్మ తన మేనత్తగారి ఇంటి గురించి చెప్పినట్టు చెప్పేది. ఈ చదువులో ఒక్క చిక్కు, నాకొచ్చిన ఇంగ్లీషు 1945 నాటిది. సూపర్‌మార్కెట్లో బిల్లు కొట్టే అమ్మాయి "ఎలా ఉన్నారు" అంటే "స్వెల్" అన్నాను, అంటే బ్రహ్మాండం అని. ఆ పిల్ల ఆగి, "మా అమ్మమ్మ అనేది ఆ మాట" అంది.

1998 మే 14 రాత్రి సినాట్రా పోయాడు. మర్నాడు ఓనరమ్మ నన్ను పైకి పిలిచి కాఫీ ఇచ్చింది, ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు, రేడియో మాట్లాడింది. అదే ఏడు డిసెంబరు చివరికి వచ్చేసరికి 1560లో ఆ పాటలు ఆగిపోయి పిల్లల కార్యక్రమాలు మొదలయ్యాయి. అంతకుముందు నాలుగు దశాబ్దాలకు పైగా న్యూయార్క్‌లో ఈ పాటలకి పెద్ద దిక్కు 1130లోని డబ్ల్యూఎన్ఈడబ్ల్యూ అట. అది 1992లో చేతులు మారి ఆగిపోతే, ఆ శ్రోతలందరినీ 1560 చేరదీసింది. ఇప్పుడు అదీ పోయింది. ఓనరమ్మ ఆ పొద్దున ముల్లుని ఈ చివర్నుంచి ఆ చివరికి రెండుసార్లు తిప్పి, ఆపేసి, రేడియో మీద చేతిరుమాలు కప్పింది. నవ్వొచ్చింది నాకు, చిలక పంజరానికి గుడ్డ కప్పినట్టుందని. ఆవిడ మొహం చూసి ఆపుకున్నాను.

1999లో మేం ఎడిసన్ వచ్చేశాం. 2011లో ఆవిడ పోయారు. ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ రేడియో మీకు కావాలా" అంది. తెచ్చుకున్నాను. తెచ్చుకుని గరాజ్‌లో పెట్టాను. పెట్టానంటే పదేళ్లు పైన పెట్టాను, దాని మీద క్రిస్మస్ లైట్ల డబ్బా, దాని మీద బతుకమ్మకి కొన్న ఇత్తడి పళ్లెం. పోయిన చలికాలం గరాజ్ సర్దుతూ మా అబ్బాయి దాన్ని తీసి, నన్ను అడక్కుండానే ప్లగ్గులో పెట్టాడు. గుయ్‌మని ఒకటే మోత, దాని వెనకే కాలిన వాసన. పీకేశాం. అలా వెళ్లాం షాపుకి.

స్ట్రిప్ మాల్ చివర, లాండ్రోమాట్ పక్కన. బోర్డు మీద టీవీ అని ఉంటుంది కానీ టీవీలు ఎప్పుడో మానేశాడు. లోపల కస్టమరు నిలబడడానికి నాలుగడుగుల చోటు. రెండు గోడలకీ నేల నుంచి సీలింగు దాకా రేడియోలే, ఒక్కోదానికీ దారంతో కట్టిన చీటీ. తలుపు తీయగానే ఆ వాసన పట్టుకుంది నన్ను. తెనాలిలో మా నాన్న ఫిలిప్స్ సెట్టు ఆన్ చేస్తే అర నిమిషం ఏమీ వినబడేది కాదు. ముందు వెలుగు, తర్వాత వెచ్చటి దుమ్ము వాసన, ఆ తర్వాత విజయవాడ కేంద్రం. ఆ అర నిమిషంలో అమ్మ వంటింట్లోంచి "పెట్టారా లేదా" అని కేకేసేది. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులు. ఈ షాపులో అదే వాసన.

పెద్దాయనకి డెబ్బై ఐదు పైనే ఉంటాయి. రేడియో చూసి ముందు అడిగిన మాట, "దీన్ని ప్లగ్గులో పెట్టారా?" నేను మా అబ్బాయి వైపు చూశాను. వాడు సీలింగు వైపు చూశాడు. అరవై ఏళ్లు దాటిన సెట్టుకి ఒక్కసారిగా కరెంటు ఇవ్వకూడదట, వేరియాక్ పెట్టి వోల్టేజీ మెల్లగా పెంచుతూ చూడాలట. తిట్టలేదు కానీ తిట్టినట్టే అయింది.

తర్వాత వెనక అట్ట విప్పి చూపించాడు. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే చాలా షాపుల్లో వస్తువు లోపలికి తీసుకెళ్లిపోతారు, ఏం చేశారో దేవుడికి తెలియాలి. ఈయన ప్రతిదీ వేలు పెట్టి చూపించి చెప్తాడు. మా రేడియోలో ఐదు వాల్వులు. అమెరికాలో కోట్లమంది ఇళ్లల్లో ఉన్న మామూలు సెట్టు ఇదే, ఆల్ అమెరికన్ ఫైవ్ అనేవాళ్లట. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు తప్పించుకోవడానికి వాల్వుల్ని వేడెక్కించే తీగల్ని ఒకదాని వెనక ఒకటి కలిపేశారు. పన్నెండు, పన్నెండు, పన్నెండు, ముప్పై ఐదు, యాభై. కూడితే 121, ఇంటి కరెంటుకి సరిపోయింది. మన పెళ్లిళ్లకి ఇంటిముందు వేసే సీరియల్ లైట్ల వ్యవహారమే. ఒకటి మాడిందంటే అన్నీ ఆరిపోతాయి. అందుకే ఒక్క వాల్వు పోయినా జనం రేడియో మొత్తం చచ్చిందనుకుని పారేసేవాళ్లు అన్నాడు.

ఇంకో సంగతి, ఇది వినండి, పాత రేడియో ఉన్న ప్రతివాళ్లూ వినాలి. ఈ సెట్లలో చాలావాటికి ఇంటి కరెంటు తీగ ఒకటి నేరుగా లోపలి ఇనప చట్రానికి తగిలి ఉంటుంది. ప్లగ్గు ఒక వైపు పెడితే పర్లేదు, తిరగేసి పెడితే చట్రమంతా షాకే. నాబ్ ఊడిపోయి లోపలి ఇనప కడ్డీ బయటికి కనిపిస్తుంటే దాన్ని పట్టుకుని తిప్పడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మా దానికి ఒక నాబ్ లేదు. ఓనరమ్మ అన్నేళ్లు ఆ కడ్డీనే తిప్పింది తల్లి, ఎలా బతికిందో. ఆయన తిరగేసి పెట్టడానికి వీల్లేని ప్లగ్గు వేసి, ఫ్యూజు వేసి, పాత డబ్బాలోంచి ఇంచుమించు అలాంటి నాబ్ వెతికి పెట్టాడు. నాబ్‌కి డబ్బులు తీసుకోలేదు.

డయల్ మీద 640 దగ్గర, 1240 దగ్గర రెండు చిన్న త్రికోణం గుర్తులున్నాయి. అవి డిజైన్ అనుకునేదాన్ని నేను. 1953 నుంచి 1963 దాకా అమెరికాలో అమ్మిన ప్రతి రేడియో మీదా ఆ గుర్తులు ఉండాలని రూలట. రష్యా బాంబులు వేయడానికి వస్తే మామూలు స్టేషన్లన్నీ ఆగిపోయి ఆ రెండు చోట్లే హెచ్చరికలు వస్తాయి, వాళ్ల విమానాలు మన స్టేషన్ల సిగ్నల్ పట్టుకుని దారి వెతుక్కోకుండా. అంటే ఓనరమ్మకి ఆ రేడియో వచ్చేటప్పటికి ఆవిడ ఇప్పటి నాకంటే చిన్నది, పిల్లలతో, బాంబుల భయంతో, ఫ్రిజ్ మీద పెర్రీ కోమోతో.

ఆయన ఒక మాట నిజాయితీగా చెప్పాడు. చూసి చెప్పడానికి 35 డాలర్లు, రిపేరు చేయించుకుంటే అది బిల్లులో కలిసిపోతుంది. మొత్తం 150 పైన అవ్వచ్చు. "ఇలాంటి సెట్టు పాత సామాన్లమ్మే ఫ్లీ మార్కెట్లో దీనికంటే తక్కువకి దొరుకుతుంది, ఆలోచించుకోండి." పని వదులుకునే మాట ఏ షాపువాడు చెప్తాడు? చేయమన్నాను. రెండు వారాలన్నాడు.

ఇక్కడ పోయింది స్టారు. రెండు వారాలు కాస్తా ఏడు వారాలైంది. ఫోన్ ఎత్తడు. మెసేజ్ పెడదామంటే మెషిన్ నిండిపోయింది అంటుంది. రెండుసార్లు కారేసుకుని వెళ్తే ఒకసారి మూసి ఉంది, ఒకసారి "వచ్చేవారం" అన్నాడు, మన ఊళ్లో టైలర్లు పండగముందు అన్నట్టు. మావారు అయితే "ఆ రేడియో ఈపాటికి ఏ మ్యూజియంలోనో ఉంటుంది" అని రోజూ ఒక జోకు.

ఐదో వారంలో ఆయనే ఫోన్ చేశాడు. అయిపోయిందనుకున్నాను. కాదు. "డయల్ అద్దం తుడుస్తున్నాను, దాని మీద ఎర్ర మరక ఒకటి ఉంది, రంగులాగా ఉంది. తీసేస్తే పోతుంది. కానీ సరిగ్గా 1560 మీద ఉంది. అందుకే అడుగుతున్నాను" అన్నాడు. నేను ఆ చుక్క గురించి ఆయనకి చెప్పడమే మర్చిపోయాను. పైకేమో, "ఉంచండి, దయచేసి ఉంచండి" అని రెండుసార్లు అన్నాను. "అనుకున్నాను. డబ్ల్యూక్యూఈడబ్ల్యూ కదా" అని పెట్టేశాడు. ఏడు వారాల్లో ఆయన చేసిన ఫోన్ అదొక్కటే. ఇంకొకచోట అయితే అద్దం తళతళలాడేలా తుడిచి, దానికి పది డాలర్లు ఎక్కువ వేసి, గర్వంగా చూపించేవాళ్లు.

తీసుకోవడానికి వెళ్లినప్పుడు అరగంట కూర్చోబెట్టాడు. పాత భాగాలన్నీ ఒక జిప్ కవర్లో వేసి ఇచ్చాడు, మైనం కారిపోయిన కాగితపు కండెన్సర్లు, మాడిన వాల్వు ఒకటి. ముల్లు లాగే దారం కూడా కొత్తది కట్టాడు. ఈ పాటల స్టేషన్లు ఎందుకు పోయాయి అని అడిగాను. 1978లో ఆల్ హామ్ అనే ఆయన మ్యూజిక్ ఆఫ్ యువర్ లైఫ్ పేరుతో ఈ పాటల్నే ఒక పద్ధతిగా కూర్చి ఊరూరా స్టేషన్లకి ఇచ్చాడట, ఒక పదిహేనేళ్లు బ్రహ్మాండంగా నడిచిందట. తర్వాత? "యాడ్లు ఇచ్చేవాడికి 25 నుంచి 54 ఏళ్ల మనిషి కావాలి. మా శ్రోతలకి డెబ్బై. వాళ్లు కొనే టూత్‌పేస్టు వాళ్లు ఎప్పుడో ఎంచుకున్నారు, ఇక యాడ్ ఎందుకు?" అన్నాడు. మా శ్రోతలు అన్నాడు, ఏదో స్టేషన్ తనదే అయినట్టు.

మొత్తం బిల్లు 165 డాలర్లు. ఎక్కువే. నేనైతే ఇంకోసారీ ఇస్తాను.

ఇంటికి తెచ్చాక అసలు కథ. వంటింట్లో పెట్టి ఆన్ చేస్తే అర నిమిషం నిశ్శబ్దం, ఆ దుమ్ము వాసన, తర్వాత గరగర, గరగర తప్ప ఇంకేమీ లేదు. ఇది కూడా ఆయన ముందే చెప్పాడు. ఏఎమ్‌కి శత్రువులు మన ఇంట్లోనే ఉన్నారు, ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు. ఒక్కోటీ పీక్కుంటూ వచ్చాను. ఇండక్షన్ పొయ్యి ఆపితే సగం గరగర పోయింది. లోపల యాంటెన్నా ఉన్న తీరు వల్ల రేడియోని గోడకి వీపు పెట్టి కాకుండా అడ్డంగా తిప్పి పెడితే మిగతా సగం తగ్గింది. ఇప్పుడు మా వంటింట్లో రేడియో అలిగి పక్కకి తిరిగి కూర్చున్నట్టు ఉంటుంది.

పగలు వినడానికి ఆయన ఒక బుల్లి ఏఎమ్ ట్రాన్స్‌మిటర్ చూపించాడు. లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకోవచ్చు, పదోవంతు వాటు శక్తి మాత్రమే. ఫోన్లో పాట పెడితే ఈ రేడియోలో వస్తుంది. మా అబ్బాయి తర్వాత వెళ్లి కొనుక్కొచ్చాడు. బాగానే ఉంది, జో స్టాఫర్డ్ గొంతు ఫోన్ స్పీకర్లో కంటే ఈ చిన్న స్పీకర్లోనే దగ్గరగా వినిపిస్తుంది. కానీ తర్వాతి పాట ఏదో నాకు తెలుసు. టైము చెప్పేవాడు లేడు, బయట మంచు ఎంత పడుతుందో చెప్పేవాడు లేడు. ఉత్తరం రాసిన శ్రోతల పేర్లు వరసగా చదివే జనరంజని విని పెరిగినదాన్ని, మధ్యలో మనిషి గొంతు లేకపోతే నాకు పాట ఆనదు. మూడు పాటలయ్యాక ఆపి పోపు పెట్టుకున్నాను.

రాత్రి వేరు. పొద్దు గూకాక ఏఎమ్ సిగ్నల్ ఆకాశంలో పై పొరలకి తగిలి కిందికి దిగుతుంది, అందుకే దూరపు స్టేషన్లు పలుకుతాయి. పెద్దాయన చీటీ మీద 740 అని రాసిచ్చి, "తొమ్మిది దాటాక, ఓపిగ్గా" అన్నాడు. అటు 710, ఇటు 770, రెండూ న్యూయార్క్‌వే, రెండూ గట్టివే. వాటి మధ్య సందులో ముల్లుని వెంట్రుకవాసి జరుపుతూ పోతే టొరంటో వస్తుంది. సీఎఫ్‌జడ్‌ఎమ్, 50,000 వాట్లు, ఐదువందల కిలోమీటర్ల పైన దూరం. మొదటి రాత్రి దొరకలేదు. రెండో రాత్రి దొరికింది. ఒకాయన నిదానంగా ఏదో చెప్పాడు, గొంతు దగ్గరికొచ్చి దూరమైంది, మళ్లీ దగ్గరికొచ్చేసరికి నాట్ కింగ్ కోల్. రెండు నిమిషాలు. మళ్లీ గరగర, మళ్లీ చివరి వరుస. మావారు హాల్లోంచి "అది పాడైందా" అని కేకేశారు. "లేదండీ, పనిచేస్తోంది" అన్నాను.

వెళ్లేవాళ్లకి నాలుగు ముక్కలు. సోమ, మంగళ సెలవు. శనివారం రెండింటికి మూసేస్తాడు. కార్డు తీసుకోడు, చెక్కు పుస్తకం పట్టుకెళ్లండి. ట్రాన్సిస్టర్లు, బ్లూటూత్ స్పీకర్లు పట్టుకెళ్లకండి, వాటిని చూసే చూపు బాగోదు. రేడియో మీద మీ వాళ్లు పెట్టిన గుర్తులేమైనా ఉంటే ముందే చెప్పండి, చెప్పకపోయినా అడుగుతాడు.

చివర్లో 230 వోల్టుల సెట్టు చూస్తారా అని అడిగాను. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది తెచ్చుకోండి అన్నాడు. తెనాలికి ఫోన్ చేశాను. మా తమ్ముడు అటక ఎక్కి వెతుకుతున్నాడు.